నూట పదమూడో ముద్ర

మినోసావా పట్టణ ప్రజలకూ ఇరుగుపొరుగు ఊళ్ళవారికీ ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: ఈ పోలీస్ స్టేషన్ రెండో అంతస్తు మూడో గదిలో టేబుల్ మీదున్న రబ్బరు ముద్ర ఎడమ అంచు అరిగిపోయింది. దాని పక్కనున్న సిరా మెత్త ఎండి నాపరాయి అయింది. అట్టి ముద్ర పడిన ఏ కాగితాన్నీ ముద్రలు చెక్కే వృత్తిలో ఉన్నవాడిగా నేను గుర్తించజాలను. ఇది కూడా రాయాలా అని అధికారి నిషిగొరి గారు అడిగారు. రాయమన్నాను. చెప్పింది చెప్పినట్టు రాస్తామని ముందు ఆవిడే అన్నారు.

నా పేరు కుసాకబె మొరియో. వయసు యాభై నాలుగు. నాగానో జిల్లా మినోసావా పట్టణంలో, రైల్వే స్టేషన్ వీధిలో ముద్రలు చెక్కే దుకాణం నాది. సంతకానికి బదులు వేసే పేరు ముద్రలు, బ్యాంకు ముద్రలు, ఆఫీసు ముద్రలు చెక్కుతాను. హైస్కూల్లో మూడు నెలలు కూర్చుని లేచి వచ్చేశాను, ఉండమని ఎవరూ బతిమాలలేదు. నిషిగొరి గారికి పెళ్ళయి ఇంటిపేరు మారినప్పుడు కొత్త ముద్ర చెక్కింది నేనే. ఊరందరికీ ముద్రలు చెక్కేవాణ్ణి, ఈరోజు నా ముద్ర ఇంట్లో మర్చిపోయి వచ్చాను.

ఈరోజు నవంబరు 6, గురువారం. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటా పది. గోడమీది కాగితంలో సూర్యాస్తమయం నాలుగూ నలభై మూడుకని ఉంది. అయిదు నుంచి కొండల మీద మంచు పడుతుందని రేడియోలో చెప్పారు.

నన్ను పిలిచింది హిరాగ ఇవావో గురించి. ఆయనకి అరవై ఆరు. మా ఊరి బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద, అందుకని అన్న అంటాను. నిన్న ఉదయం పదీ ఇరవైకి తన కారులో బయల్దేరాడు. రాత్రికి రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆ కారు ముదురాకుపచ్చ స్పోర్ట్స్ కారు. ఇరవై ఏడేళ్ళ పాతది. పైకప్పు గుడ్డది. హీటరు వేస్తే డ్రైవరు కుడికాలు ఒక్కటే వెచ్చబడుతుంది. నేల నుంచి జానెడు ఎత్తు కూడా ఉండదు, దారిలో గుమ్మడికాయంత రాయి పడుంటే అక్కడితో సరి. కారులో రెండే సీట్లు.

మూడేళ్ళుగా మేమిద్దరం ఒక ప్రయాణం వేసుకుంటున్నాం. దక్షిణాన సాతా అగ్రం నుంచి ఉత్తరాన సోయా అగ్రం దాకా, దేశం ఈ కొస నుంచి ఆ కొసకి, పెద్ద హైవే ఎక్కకుండా, కొండదారులూ సముద్రపు ఒడ్డు దారులూ పట్టుకుని, పంతొమ్మిది రోజులు. బయల్దేరేది వచ్చే మే 12న. ప్రతి మంగళవారం నా దుకాణానికి సెలవు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా చెక్కుడు బల్ల మీద మ్యాపు పరిచి, నాలుగు మూలలా ముద్రరాళ్ళు బరువు పెట్టి కూర్చునేవాళ్ళం. దారీ పెట్రోలూ అన్న వంతు. తిండీ వేణ్ణీళ్ళ స్నానాలూ నా వంతు.

బస్సు నడిపినవాడు కదా, ప్రతి చోటికీ నిమిషాలతో సహా టైము వేశాడు. ఒకచోట 'సముద్రం చూడటం, పదకొండు నిమిషాలు' అని రాశాడు. పన్నెండో నిమిషంలో సముద్రం డిపోకి వెళ్ళిపోతుందా అని అడిగాను. కొట్టేసి పద్నాలుగు చేశాడు.

ఉత్తరానికి పోతుంటే పడమటి తీరంలో సముద్రం ఎడమవైపు ఉంటుంది. డ్రైవరు కుడివైపు, పక్కవాడు ఎడమవైపు కూర్చుంటారు. అంటే సముద్రం పక్క సీటువాడిది. తూర్పు తీరం కాదు పడమటి తీరమే అని ఆరు వారాలు వాదించి నెగ్గింది నేను.

అన్నకి ఇంకో పిచ్చి ఉంది. రోడ్డు పక్క విడిదుల్లో, ప్రయాణికులు తమ పుస్తకంలో వేసుకోవడానికి ఆ చోటి బొమ్మతో ఒక రబ్బరు ముద్ర పెడతారు. మా దారిలో అలాంటి విడిదులు నూట పన్నెండు. ఒక్కటి తప్పినా ఆయనకి అన్నం సహించదు. ఒకసారి ముద్ర సగమే పడిందని తొంభై కిలోమీటర్లు వెనక్కి తిప్పాడు.

సెప్టెంబరు 16 మంగళవారం, నాలుగూ పదికి, మ్యాపు విప్పకుండానే, "తొమొయె వస్తానంటోంది రా" అన్నాడు. తొమొయె ఆయన భార్య, నాకు వదిన. మంచిదే కదా అన్నాను. కారులో రెండే సీట్లు. అది ఎవరి తప్పూ కాదు, తయారుచేసినవాళ్ళు అలా చేశారు. ఆ రోజు కూడా మ్యాపు పరిచాం. వదినకి సముద్రం ఎడమవైపు వస్తుందని నేనే చెప్పాను.

అక్టోబరు 28 మంగళవారం నా ముద్రల పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. నీ నూట పన్నెండూ ఎవడైనా వేస్తాడు, ఈ నూట పదమూడోది చూడమన్నాను. అది ఒనిగుచి కనుమ ముద్ర. సొరంగం వచ్చాక అక్కడి పాత దారి వాడటం మానేశారు. ఆ దారిలో మూతపడ్డ విడిది ఒకటుంది, జాబితాలో లేదు, మ్యాపులో లేదు. ఆగస్టు 17 ఆదివారం నా మోపెడ్ మీద వెళ్ళి నేనే వేసుకొచ్చాను. మూడో మలుపు దాటాక ఎడమవైపు. తలుపులకి పలకలు కొట్టేశారు. గుమ్మం ముందు రేకు డబ్బా, డబ్బాలో గొలుసుతో కట్టిన ముద్ర. సిరా మెత్త ఎండిపోతే సీసాలోంచి రెండు చుక్కలు నీళ్ళు పోశాను. పక్కన గడ్డి కోస్తున్న ముసలావిడ ఆకుకూర ఊరగాయ పెట్టింది. ఉప్పెక్కువ.

ముద్ర మీది బొమ్మ ఎలా ఉందని అధికారి అడిగారు. ఒకే కమాను ఉన్న రాతి వంతెన. అవతల రెండు దేవదారు చెట్లు, కుడివైపుది నీళ్ళ మీదికి వంగి ఉంటుంది.

అన్న కళ్ళజోడు తీసి, పుస్తకం ముక్కు దాకా తెచ్చుకుని చాలాసేపు చూశాడు. వాసన కూడా చూశాడు. "చెక్కినవాడికి చెయ్యి తిరిగింది రా" అన్నాడు. ఏదో ఫరవాలేదు అన్నాను.

నవంబరు 4 మంగళవారం మళ్ళీ వచ్చాడు. పదో తారీఖున కొండదారులకి గేట్లు వేసేస్తారు, మళ్ళీ వసంతం దాకా తియ్యరు, అందుకని ఆ ముద్ర సంగతి రేపే తేల్చుకుంటానన్నాడు. తరవాత మా ఇద్దరి మధ్యా జరిగిన మాటలు ఇవి.

"అక్కడ బస్సు తిప్పడానికి చోటుందా?" అన్నాడు.

"నువ్వు తీసుకెళ్ళేది బస్సు కాదన్నా, కారు."

"ఉందా లేదా చెప్పు."

"విమానం కూడా తిప్పుకోవచ్చు" అన్నాను.

నవ్వాడు. "రేపు ఎడమ సీటు ఖాళీగానే ఉంది. వస్తావా?"

"వదిన్ని తీసుకెళ్ళు. రెండే సీట్లాయె. నాకు చెక్కాల్సినవి ఉన్నాయి."

చెక్కాల్సినవి ఏమీ లేవు. నిన్న రోజంతా దుకాణంలో ఉన్న రాళ్ళన్నిటికీ దుమ్ము తుడిచాను.

నిన్న రాత్రి ఏడూ నలభైకి తొమొయె వదిన ఫోన్ చేసింది. ఆయన మీ దగ్గరున్నాడా అని అడిగింది. లేడన్నాను. ఎటు వెళ్ళాడో తెలుసా అంటే ఒనిగుచి పాత దారి అన్నాను. ఎనిమిదిన్నరకి పోలీసులు ఫోన్ చేసి అడిగినా అదే చెప్పాను. ఈరోజు పొద్దున ఆరున్నర నుంచి పద్దెనిమిది మంది, రెండు కుక్కలు ఒనిగుచి మీద వెతుకుతున్నారు. విడిది కనపడలేదట. డబ్బా కనపడలేదట. మూడో మలుపా, నాలుగో మలుపా అని వాళ్ళు పోలీసు రేడియోలో అడిగారు. మూడోది అన్నాను. తరవాత, నాలుగోది కూడా చూడమన్నాను.

వదిన బయట వరండాలో బెంచీ మీద ఉంది. ఆయన బీపీ మాత్రలు గుడ్డసంచీలో పెట్టుకుని వచ్చింది. నిన్న పొద్దున వేసుకున్నదే చివరిది. నేను లోపలికి వస్తుంటే లేచి నిలబడి, "మొరియో గారూ, మీకు ఆ చోటు తెలుసు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏ కొండని వెతికేవాళ్ళం" అంది. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. తాగాను.

రాత్రి కనుమ దగ్గర చలి సున్నాకి రెండు డిగ్రీలు కిందికి పోయిందని అధికారి చెప్పారు. హీటరు వేస్తే కుడికాలు ఒక్కటే వెచ్చబడుతుందని మళ్ళీ చెప్పాను. అది రాశామన్నారు.

మధ్యాహ్నం రెండూ అయిదుకి నా మాటలన్నీ రాయడం అయింది. నిషిగొరి గారు మొదటి నుంచీ పైకి చదివి వినిపించారు. మార్చాల్సింది ఉంటే చెప్పమన్నారు. రాసింది కొట్టెయ్యకూడదట, మార్పు ఏదైనా కిందే చేర్చాలట. అందుకని కింద చేరుస్తున్నాను.

మార్పు. ఆవిడ ప్రకటన దగ్గర నుంచి చదువుకుంటూ వచ్చారు. ఊరగాయలో ఉప్పెక్కువ అన్నచోట కూడా నేను ఊరుకున్నాను. మూడో పేజీలో, "అక్కడ బస్సు తిప్పడానికి చోటుందా" అని చదివారు. ఆవిడ గొంతులో ఏ వెటకారమూ లేదు, స్కూల్లో పాఠం చదివినట్టు చదివారు. ఆగమన్నాను. ఇంకోసారి చదవమన్నాను. చదివారు.

ఒనిగుచి దారిలో ఏనాడూ బస్సు నడవలేదు.

బస్సు నడిచింది హినోకుచి లోయలోకి. అది ఒనిగుచికి సరిగ్గా ఎదురు దిక్కున, ఇక్కణ్ణించి తూర్పుగా ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. మా గురువుగారి ఇల్లు అక్కడ ఉండేది. పదహారేళ్ళప్పటి నుంచి నాలుగేళ్ళు రోజూ పొద్దున ఆరూ యాభై బస్సెక్కి అక్కడికి వెళ్ళి ముద్రలు చెక్కడం నేర్చుకున్నాను. ఆ బస్సు డ్రైవరు ఇవావో అన్న. ఆఖరి స్టాపు రాతి వంతెన. అవతల రెండు దేవదార్లు, ఒకటి వంగినది. వంతెన ముందు బస్సు తిప్పడానికి చోటు చాలదు. నన్ను కిందికి దింపి, "రా రా రా, చాలు" అని చెప్పించుకుంటూ మూడుసార్లు ముందుకీ వెనక్కీ లాగి తిప్పేవాడు. నాలుగేళ్ళు రోజూ నేనే చెప్పాను. ఇరవై ఏళ్ళ కిందట ఆ ఊరు ఖాళీ అయింది, బస్సూ ఆగిపోయింది.

ఒనిగుచి ముద్ర చెక్కడానికి విడిది బొమ్మ ఒకటి కావాలంటే నా చేతికి వచ్చింది ఆ వంతెనే. ఎందుకు అదే వచ్చిందో నేను ఆలోచించలేదు. అన్న ముద్ర చూడగానే గుర్తుపట్టాడు. చెక్కిన చెయ్యి ఎవరిదో కూడా గుర్తుపట్టాడు. మంగళవారం నాకు చెప్పడానికే వచ్చాడు, నేను విమానం అన్నాను. ఆయన ఒనిగుచి వైపు వెళ్ళి ఉండడు. వంతెన దగ్గరికి వెళ్ళి ఉంటాడు. ఆ దారిలో కొండరాళ్ళు దొర్లి పడుతుంటాయి, ఫోను పనిచెయ్యదు. కారు నేలకి జానెడు ఎత్తు లేదు.

ముందే ఎందుకు చెప్పలేదని అధికారి అడిగారు. లేని చోటికి ముద్ర చెక్కానని తెలిస్తే బ్యాంకు ముద్ర చెక్కమని నా దగ్గరికి ఎవరొస్తారు. దుకాణం తలుపుకి నేనే పలకలు కొట్టుకోవాలి. నిన్న రాత్రి ఫోనులో నాకు తోచింది అదొక్కటే. పొద్దున్నించీ బయట వదిన ఉంది.

రెండూ పద్దెనిమిదికి నిషిగొరి గారు ఈ కాగితం ఇలాగే వదిలేసి బయటికి పరుగెత్తారు. రేడియోలో ఒనిగుచి వాళ్ళని దిగమనడం, హినోకుచికి దగ్గరున్న బండిని పంపమనడం వినపడింది. తరవాత వరండాలో ఆవిడ వదినకి చెబుతున్న మాటలు వినపడ్డాయి. వదిన మాత్రల గుడ్డసంచీ ఎవరికో ఇస్తూ, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని చెప్పింది. ఆవిడ తిరిగి రాగానే, నేను కూడా బండిలో వస్తానని అడిగాను. ముందు సంతకం పెట్టమన్నారు. పెడతాను, తీసుకెళ్ళండి. వంతెన దగ్గర ఏ బండి తిప్పాలన్నా కింద నిలబడి చెప్పే మనిషి ఉండాలి.

ఇప్పుడు రెండూ ఇరవై ఏడు. పైనున్నదంతా నా నోటితో చెప్పిందే. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. చదివి వినిపించగా విన్నాను. ఒక్కటి తప్ప అంతా నిజం. ఆ ఒక్కటీ ఒనిగుచి విడిది. ఆగస్టు 17న నేను ఎక్కడికీ వెళ్ళలేదు. అక్కడ విడిది లేదు, డబ్బా లేదు, గొలుసు లేదు. ఊరగాయ పెట్టిన ముసలావిడ కూడా లేదు. ఆ చోటు మొత్తం నేను కల్పించింది.

కుసాకబె మొరియో
(సొంత ముద్ర లేనందున ఎడమ చూపుడు వేలిముద్ర)