జంట చెప్పుల పడవ

ఏంటీ, మీ పెదనాన్న రేవు ఉద్యోగం ఎందుకు మానేశాడనా? మోకాలు నొప్పని మానేశాడని ఎవరు చెప్పారే నీకు, మీ నాన్నా? మీ నాన్నకి మేమేం చెప్తే అదే తెలుసు. మోకాలు నొప్పి నిజమే, లేదనను. ఆ మోకాలే కొంప ముంచింది. కానీ దానికోసం మానెయ్యలేదు. కూర్చో తల్లీ, ఇంతదూరం వచ్చావు, కాసేపు కూర్చో. ఈ మాట ఎవరికీ చెప్పలేదు నేను. చెప్తే నోరు పడిపోతుందేమోనని భయం. ఇప్పుడు ఎలాగూ పడిపోయే వయసే కదా.

మీ పెదనాన్నది పెద్ద ఉద్యోగం ఏం కాదు. దేశాలు తిరిగే తెరచాప పడవలు ఆగే రేవు లేదూ, దాని మొదట్లో చెక్క గది, ముందు అద్దం, లోపల గోడకి ఒక పలక. పలక నిండా మేకులు, మేకుకో బిళ్ళ, పడవకో బిళ్ళ. ఒక పక్క తెలుపు, ఒక పక్క ఎరుపు. పడవ సముద్రంలోకి పోతే ఎరుపు తిప్పాలి, తిరిగొస్తే తెలుపు తిప్పాలి. పొద్దుగూకే ముందు ఈయన పలక చూడాలి. ఎరుపు ఒక్కటి మిగిలినా గంట కొట్టాలి, మోటారు పడవ వాళ్ళు వెతకడానికి పోతారు. అంతే పని. అంతేనా అంటే మరి అదే ప్రాణం. ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పుకోవాలని రూలు. పోయేటప్పుడు బాగానే తిప్పుతారు, వచ్చేటప్పుడు ఆకలి మీదుంటుంది ధ్యాస, బిళ్ళ ఎవరికి గుర్తు? అందుకని ఈయన రోజూ సాయంత్రం రేవు చివరిదాకా నడిచి, ఏ పడవ కట్టి ఉందో కళ్ళతో చూసొచ్చి అప్పుడు తిప్పేవాడు. పద్దెనిమిదేళ్ళు ఒక్కరోజు తప్పలేదు. నీకు పెళ్ళాం కంటే ఆ పలకే ఎక్కువ అని సాధించేదాన్ని. పలక తిరిగి మాట్లాడదు అనేవాడు. నవ్వుతున్నావా, నవ్వు. ఆయన మాట అలాగే ఉండేది అప్పట్లో. నువ్వు చూసిన పెదనాన్న వేరు.

ఆఁ, ఏం చెప్తున్నాను, ఒకసారి ఒక మొగుడూ పెళ్ళాం, పడవలో దేశాలు తిరిగేవాళ్ళు. చినిగిన తెరచాపతో వచ్చారు. నేను అప్పుడు తెరచాపలు కుట్టేదాన్ని, ఇదిగో ఈ అరచెయ్యి చూడు, తోలుముక్క కట్టుకుని కుట్టినా ఇంత కాయ కాసింది. కుట్టడానికి నాలుగు రోజులు పడుతుందన్నాను. సరే, ఊరు చూస్తాం అన్నారు. ఈ ఊళ్ళో చూడ్డానికి ఏముందమ్మా, ఉప్పుగాలి తప్ప. వాళ్ళకి అన్నీ వింతే. దీపస్తంభం మెట్లు రెండుసార్లు ఎక్కారు. చేపల వేలంపాట దగ్గర నిలబడి పిల్లల్లా చప్పట్లు కొట్టారట. తాళ్ళ కొట్టు, మంగలి షాపు, గడియారాల మరమ్మతు గది, దేన్నీ వదల్లేదు. ఆవిడ బయట ఆగితే ఆయనా ఆగేవాడు, ఆయన దగ్గితే ఆవిడ నీళ్ళు తీసేది. ఇద్దరికీ కలిపి పసుపుపచ్చ గొడుగు ఒకటి, పెళ్ళి పందిరంత ఉండేది. మా మంగలి వాళ్ళకి జంట చెప్పులని పేరుపెట్టాడు. ఒకటి కనబడితే రెండోది పక్కనే ఉంటుంది, వెతకక్కర్లేదు అనేవాడు. ఊరంతా అదే పేరు. ఆవిడైతే రోజూ నా కుట్టుగదికి వచ్చి తెరచాప మడతల మధ్య కూచునేది. నన్ను వదినా అనేది, మీ పెదనాన్నని అన్నయ్యగారూ అనేది. మొదటిరోజే ఈయన దగ్గర పలక చదవడం నేర్చుకుంది. తెలుపుంటే మీ ఆయన ఒడ్డున ఉన్నట్టమ్మా, అంతకంటే చదువు అక్కర్లేదు అన్నాడీయన.

ఇక్కడే ఒక చిన్న ఇల్లు చూసుకుందావిడ. బేకరీ సందులో, రెండు గదులు, పైన డాబా. ఏడేళ్ళు నీళ్ళమీద ఉన్నాను వదినా, నాకిక కదలని నేల కావాలి అంది నాతో. ఆయన ఒప్పుకోలేదు. నేను తెరచాప అప్పజెప్పిన మర్నాడు పొద్దున్నే మాటా మాటా పెరిగింది. నువ్వొచ్చి పిలిచేదాకా పడవ ఎక్కనని, సంచి తీసుకుని బేకరీ మీద గదిలో దిగింది. ఆయన కొత్త కుట్టు ఎలా ఉందో చూసొస్తానని ఒక్కడే పడవ తీశాడు. పోతూ పోతూ బిళ్ళ ఎరుపు తిప్పి పోయాడు, పద్ధతిగల మనిషి. ఈయన గది తెరిచి, టీ తాగొచ్చేసరికి ఎరుపుంది. ఇద్దరూ వెళ్ళారనే అనుకున్నాడు. ఎవరైనా అంతే అనుకుంటారు.

మధ్యాహ్నం నుంచి వాన. వానంటే ఈయన మోకాలు ఇంత లావు అయ్యేది. వీళ్ళ పడవ కట్టే చోటు రేవు కొసన, నాలుగొందల అడుగులు. లేద్దామా వద్దా అని తటపటాయిస్తుంటే అద్దం బయట పసుపుపచ్చ గొడుగు పోతోందట. కింద ఆవిడ, చేతిలో రొట్టె పొట్లం. అవతలి పక్క ఆయన ఉంటాడులే, ఒక చెప్పు వచ్చిందంటే రెండోదీ వచ్చినట్టే అనుకున్నాడు. కూచున్నచోటునుంచే చెయ్యి చాపి బిళ్ళ తెలుపు తిప్పాడు. తాళం వేసి ఇంటికొచ్చాడు. నేను కాలికి వేడినీళ్ళ కాపడం పెట్టాను. హాయిగా ఉందే అన్నాడు. ఆ మాట నా చెవిలోంచి పోదు.

ఆవిడ చీకటి పడకముందు వచ్చి అద్దంలోంచి పలక చూసుకుందట. తెలుపు. మనిషి క్షేమమే గదా, పొద్దునకి కోపం తగ్గి తనే వస్తాడని వెళ్ళిపోయింది. తెల్లారి తనే దిగొచ్చి చూస్తే పడవ లేదు. రేవులో అందరూ పలక మాటే చెప్పారు. సాయంత్రం వచ్చాడు, తెల్లారగట్ల లేచి పోయాడు, వదిలేసి పోయాడమ్మా అని. తెరచాప బాగైతే ఇంక పెళ్ళాం ఎందుకు అని మంగలి జోకు కూడా వేశాడు, వాడి నోట్లో మన్నుబడ.

మీ పెదనాన్న ఒక్కడే కొసదాకా కుంటుకుంటూ పోయాడు. బయటినుంచి వచ్చే పడవలకి కట్టుకోడానికి మన రేవు తాళ్ళే ఇస్తారు, పోయేటప్పుడు చుట్టచుట్టి చెక్కమీద పెట్టి పోతారు. వీళ్ళ తాళ్ళు చుట్టచుట్టే ఉన్నాయి. ఈయన వంగి ఒక చుట్ట ఎత్తాడు. కింద చెక్క పొడిగా ఉంది. చుట్టూ అంతా తడిసి నల్లగా ఉంది, తాడు ఉన్నంతమేర గుండ్రంగా తెల్లగా ఉంది. అంటే వాన మొదలవకముందు పెట్టిన తాడు మళ్ళీ ఎవరూ ముట్టలేదు. ఆ పడవ రానేలేదు.

ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. అంతా చెప్పి, గంట కొడతానే, ఇప్పటికైనా వెతుకుతారు, బతికుంటాడేమో అని లేచాడు. నేను చొక్కా పట్టుకున్నాను. ఇదిగో, ఈ చేత్తోనే. ఉద్యోగం పోతుంది, కటకటాల్లో పెడతారు, ఒక్క పూట ఆగు, అతనే వస్తాడేమో చూద్దాం అన్నాను. ఉద్యోగం సంగతి పైకి అన్నదే తల్లీ. లోపల నా భయం వేరు. నా కుట్టు ఊడిందేమో, నాలుగు రోజుల పని, చివరి వరస తొందరగా లాగించాను, నా మీదకి వస్తుందేమోనని. ఈయన ఆగాడు. పెళ్ళాం మాట ఎప్పుడూ విననివాడు ఆ ఒక్కటీ విన్నాడు. ఒక పూట రెండు పూటలైంది. రెండురోజులైంది. తర్వాత ఇంక ఏ మొహంతో కొడతాడు గంట?

పదకొండోరోజు ఆవిడ ఊరు విడిచిపోతూ మా ఇంటికొచ్చింది. తిండి మానేసి పుల్లలా అయిపోయింది. ఆ కుర్చీలోనే కూచుంది. అన్నయ్యగారూ, మీరు తెలుపు తిప్పారంటే చూసే తిప్పుంటారు, వచ్చినప్పుడు ఆయన మొహం ఎలా ఉంది అని అడిగింది. ఈయన నా వైపు చూశాడు. నేను కళ్ళతోనే వద్దన్నాను. బాగానే ఉన్నాడమ్మా అన్నాడు. కోపంగా ఉన్నారా? లేదమ్మా. మరి ఎలా ఉన్నారు? ఈయన, ఓదార్పుగా ఉంటుందనుకున్నాడో ఏమో,

"నవ్వుతూనే ఉన్నాడమ్మా," అన్నాడు.

"నవ్వుతూనా," అందావిడ.

అంతే. లేచి, సంచి తీసుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్ళింది. నన్నూ ఈయన్నీ తిట్టిపోసినా బాగుండేది.

రెండు నెలలకి వలలో గుడ్డపీలిక ఒకటి పడిందని, నీ పనికి వస్తుందేమో అక్కా అని చేపలాయన తెచ్చిచ్చాడు. చూడగానే పోల్చుకున్నాను, ఎవరి బిడ్డని వాళ్ళు పోల్చుకోరూ? నా కుట్టు చెక్కుచెదరలేదు. పక్కన గుడ్డ చినిగింది. నా తప్పు లేదన్నమాట. నా తప్పు లేదని ఊపిరి పీల్చుకున్నాను చూడు, ఆ ఊపిరే నన్నింతకాలం కాల్చింది. పొయ్యిలో పెట్టేశాను దాన్ని. ఈయన గుమ్మంలో నిలబడి కాలేదాకా చూశాడు. మర్నాడు గది తాళాలు అప్పజెప్పి వచ్చేశాడు. ముప్ఫయ్యేళ్ళు ఆ వీధి అరుగుమీదే, నువ్వు చూసిందే కదా, పలకరిస్తే ఒక మాట, లేకపోతే లేదు. మీరంతా మోకాలు నొప్పనుకున్నారు.

ఆవిడ అడ్రసా? ఉంది. రేవు రిజిస్టర్లోంచి రాసుకొచ్చాడు. ఉత్తరం ఎన్నిసార్లో మొదలుపెట్టాడు. అమ్మా అని రాసి ఆగిపోయి, అడ్రసుతో పాటు బీరువాలో దాచేవాడు. నాకు చదువు పెద్దగా రాదు గాని ఆ ఒక్క మాట చదవగలను. ఆఖర్న మాట పడిపోయాక బీరువా వైపు చెయ్యి చూపించి చూపించి అలిసిపోయాడు. ఏవో ఇంటి కాగితాలనుకుని మీ నాన్న సొరుగులన్నీ వెతికాడు. ఆయన దేనికి చూపిస్తున్నాడో నాకు తెలుసు. తెలిసీ, దాహమేమోనని చెప్పి, చెంచాతో నీళ్ళు పోశాను.

నువ్వు రాస్తావా? ఏమని రాస్తావే? బతికుంటే నా వయసే ఆవిడకి. ఇన్నేళ్ళూ ఆ మొగుణ్ణి తిట్టుకుంటూనే బతికుంటుంది. ఆయన ఆ రోజే పోయాడమ్మా, నిన్ను విడిచి పోలేదు అని ఇప్పుడు చెప్తే, ఆ తిట్లన్నీ ఏం చేసుకోమంటావు ఆవిణ్ణి?

నాకేం కాలేదులే. ఇంక పో. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది.