ఫింటన్ గారి గెలుపు విందు

2010 నవంబరు. ఎన్నికల మర్నాడు పొద్దున, అమెరికాలోని నోవై ఊళ్లో, తమ వంటింట్లో ఆమె మిగిలిపోయిన గారెలను డబ్బాలో సర్దుతోంది. భర్త ఫోన్ పెట్టేసి వచ్చాడు.

"ఫింటన్ గారు ఓడిపోయారు. ఐదే ఐదు ఓట్లు తేడా."

"అదేంటండీ! ఐర్లాండ్ నుంచి వచ్చి పన్నెండేళ్లు సిటీ కౌన్సిల్లో, ఎనిమిదేళ్లు కౌంటీ బోర్డులో చేశారు. మన వీధికి లైట్లు వేయించింది ఆయనేగా!"

"ఈసారీ గెలుస్తారనేగా నిన్న రాత్రి మనింట్లో పార్టీ పెట్టాం. నేను ఆఫీస్‌కి వెళ్తూ ఓటేశాను. నువ్వెప్పుడు వేశావు?"

ఆమె చేయి ఆగింది.

"పిండి రుబ్బాక వెళ్దామనుకున్నా. ఈలోపు నూనె కాగింది. పొయ్యి వదిలి ఎలా వెళ్లను? చూసేసరికి ఎనిమిదైంది, పోలింగ్ మూసేశారు."

"నీతో వంట చేసినవాళ్లు?"

"వాళ్లూ పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నారు."

"ఎంతమంది?"

"నాతో కలిపి ఆరుగురం. అందరం సిటిజన్లమే."

భర్త కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డబ్బాకి మూత పెట్టి ఆమే అడిగింది.

"ఫోన్లో ఫింటన్ గారు ఏమన్నారు?"

"గారెలు అద్భుతంగా ఉన్నాయట. చేసినవాళ్లందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పమన్నారు."