నాలుగో అంతస్తు పైన

అక్క నన్ను పంపింది ఒక్క సంగతి కనుక్కుని రమ్మని. "మీ బావ నిజంగా పనికోసం తిరుగుతున్నాడా, లేక ఆ నాలుగో అంతస్తు వాళ్ళ కబురు కోసం టీకొట్టు దగ్గర కూర్చుంటున్నాడా, చూసి రావే. వాళ్ళు కాదంటే మన చేతిలో ఇంకేమీ లేదు" అంది.

బావ పుస్తకాలు కుట్టే బైండింగ్ మేస్త్రి. ప్రెస్సు మూసేశాక, టీకొట్టు ఎదురుగా ఉన్న పన్నెండంతస్తుల భవనంలో, నాలుగో అంతస్తు డైరీల కంపెనీకి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. వారంలో చెబుతామన్నారు. అలా అని పంతొమ్మిది రోజులైంది.

నేను వెళ్ళేసరికి బావ బెంచీ మధ్యలో పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు. ఒకపక్క టాక్సీ డ్రైవరు, ఇంకోపక్క ఆ భవనంలో మెట్లు తుడిచే పెద్దావిడ, ఎదురుగా టీకొట్టాయన.

"రావే మరదలా, మంచి టైముకొచ్చావు. పని వెతకడం అంటే ఏంటో వీళ్ళకి చెబుతున్నా. ఒకచోట కబురొస్తుందని చేతులు కట్టుకు కూర్చునే రకం కాదు నేను. నాలుగో అంతస్తు వాళ్ళు వారం అన్నారా, సరే అని లిఫ్టెక్కి, కిందికి నొక్కకుండా ఐదు నొక్కాను. అక్కడ లాయరుగారి ఆఫీసు. ఖాళీ ఉందా అంటే లేదన్నారు. పోనీలే, వచ్చినందుకు ఊరికే పోవడమెందుకని, బల్లమీద ఊడిపోయి పడున్న ఫైలొకటి తీసి నిలబడ్డచోటే కుట్టేశాను. అంతే."

"అంతేనా?" అన్నాడు డ్రైవరు, ఏదో పోగొట్టుకున్నట్టు.

"అంతేనంటే నువ్వు ఊరుకునేలా లేవు. విడాకులకొచ్చిన మొగుడూ పెళ్ళాం ఉన్నారక్కడ, చెరో గోడకేసి చూస్తూ. వాళ్ళ కాగితాలూ ఆ ఫైల్లోనే ఉన్నాయి. నాది మామూలు కుట్టా, ఏడు రంధ్రాల కుట్టు, మైనం పట్టించిన దారం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన కాగితం ఆవిడ కాగితాన్ని ఎలా పట్టుకుందంటే, లాయరూ గుమాస్తా చెరోవైపు లాగినా ఊడి రాలేదు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వుకుని, ఒకే గొడుగులో ఇంటికెళ్ళిపోయారు."

ఆ గొడుగు నాకు కళ్ళకు కట్టినట్టు కనబడింది, నీలం రంగుది, ఒక కమ్మీ కొంచెం వంగి.

"ఆవేళ వానేది మేస్త్రీ?" అన్నాడు టీకొట్టాయన.

"గొడుగు పట్టడానికి వానే కావాలా ఏంటి, నువ్వు టీ కలుపు. లాయరుగారు కాళ్ళావేళ్ళా పడ్డాడు ఉండిపొమ్మని. నేనుంటే ఈయనకి కేసులేం మిగులుతాయి పాపం అని, లిఫ్టెక్కి ఏడు నొక్కాను. పళ్ళ డాక్టరు. కుర్చీలో ఓ తాతగారు, ముప్పై రెండు పళ్ళూ ఊగుతున్నాయి. డాక్టరు పట్టకారు తీశాడు. ఆగవయ్యా, పుస్తకం వెన్ను వదులైతే జిగురు పెడతారు గానీ పేజీలు పీకుతారా అని, నా జిగురు రాసి బరువు పెట్టాను. అరగంటకి ఆయన లేచి ఇనప మేకు కొరికి చూపించాడు."

"బరువెక్కడ పెట్టావు?" అన్నాడు టీకొట్టాయన.

"నెత్తిమీద. ఎక్కడ పెడతారు మరి. ఇంక చూడు, కబురు పాకిపోయింది. లిఫ్టు తలుపు ఎక్కడ తెరుచుకున్నా మేనేజర్లు బారులు తీరి ఉన్నారు. ఎనిమిదో అంతస్తు వాళ్ళు చెయ్యి లాగితే తొమ్మిదో అంతస్తు వాళ్ళు కాలు లాగారు. ఎలాగో విడిపించుకుని పన్నెండుకి పోతే అది వాతావరణం ఆఫీసు. కిటికీలోంచి చూస్తే మబ్బులన్నీ విడి కాగితాల్లా చెల్లాచెదురు. ఏ వాన ఏ పేజీలో ఉందో తెలీడం లేదు మేస్త్రీ అని పెద్దాఫీసరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చెయ్యి బయటపెట్టి మబ్బుల్ని వరసగా పేర్చి, అంచులు సమంగా తట్టి, కుట్టేశాను. కత్తిరించిన ముక్కలు కింద పారేస్తే అదే మొన్న పడ్డ జల్లు."

"అప్పుడే బండి కడిగాను నేను" అన్నాడు డ్రైవరు.

"క్షమించు. ఆ తర్వాత పదమూడు నొక్కాను."

"ఉన్నవి పన్నెండే కదా బావా."

"అప్పటికి పన్నెండే. నేను నొక్కాక కట్టారు. తడి సిమెంటు మీదే కుర్చీ వేశారు నాకు. చందమామ కిటికీకి ఆనుకుని ఉంది, అంచులు అరిగిపోయి. ప్రతినెలా ఇలా తరిగిపోతోంది, దీనికి గట్టి అట్ట వేసిపెట్టు మేస్త్రీ, బతికినంతకాలం పని నీదే అన్నారు. ఆలోచించి చెబుతాను, వారం ఆగండి అన్నాను. పాపం ఇంకా ఆగే ఉన్నారు."

నేను లేచాను. చందమామ దగ్గర కూడా బావని అడిగారని పరిగెత్తుకెళ్ళి అక్కకి చెప్పాలి.

"కూర్చో అమ్మాయ్" అంది మెట్లు తుడిచే పెద్దావిడ, గ్లాసు కింద పెడుతూ. "మేస్త్రీ, నువ్వు నాలుగో అంతస్తుకి వచ్చిన రోజు పొద్దున్నే చెడింది లిఫ్టు. ఇవాళ్టిదాకా బాగవలేదు. ఆ మెట్లన్నీ తుడిచేది నేనే కదా, తడిమీద ఏ చెప్పు ఎవరిదో నాకు తెలుసు. నీ ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగింది. రోజూ పొద్దున నాలుగో అంతస్తు దాకా వస్తుంది. వాళ్ళ తలుపు ముందు ఆగుతుంది. దిగిపోతుంది. తలుపు తట్టిన చప్పుడు ఒక్కరోజూ వినలేదు. పైకి ఒక్క మెట్టు ఎక్కిన గుర్తూ లేదు."

టీకొట్టాయన కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు.

బావ ఎడమ కాలు బెంచీ కిందికి లాక్కున్నాడు. "తట్టనంతవరకూ కాదనలేరు కదా పిన్నీ" అన్నాడు.

"కాదంటే అననీ. ఏడో అంతస్తులో పళ్ళ డాక్టరు లేడు, పటాలు గీసే ఆఫీసుంది. వాళ్ళ పాత పుస్తకాలు వెన్నులూడి గదంతా పరుచుకున్నాయి, వాటి మధ్య తుడవలేక నా నడుం పోతోంది. కుట్టే మనిషి కావాలని నిన్న నన్నే అడిగారు. ఐదింటిదాకా ఉంటారు, లే."

"నేను పైనున్నప్పుడు నాలుగో వాళ్ళు కబురు పంపితే?"

"పంపితే నేను మోసుకొస్తాలే, ఎలాగూ ఎక్కాలిగా."

నేనూ బావతో వెళ్ళాను. నాలుగో అంతస్తు దగ్గర ఆయన కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. గాజుతలుపు అవతల ఎవరో ఫోన్లో మాట్లాడుతున్నారు, మావైపు చూడలేదు. నేను ఆయన వీపుమీద చెయ్యి వేశాను. బావ చొక్కా సర్దుకుని, పై మెట్టు మీద కాలు పెట్టాడు.

ఐదో అంతస్తు చేరేసరికి మెట్లపక్క కమ్మీ పట్టుకుని రొప్పుతున్నాడు.

"ఏమే, నాలుక్కీ ఐదుకీ మధ్య ఎన్ని మెట్లు?"

"ఇరవై రెండు బావా."

"మీ అక్కకి అరవై అని చెప్పు."