దీపం వెలిగించొద్దన్న రోజులు

"నాయనమ్మా, ఆ లైట్‌హౌసు పైకి నువ్వెప్పుడన్నా ఎక్కావా?"

ఎక్కానే. ఒక్కసారే ఎక్కా. ఆ మంచం కాస్త ఇటు జరుపు, గాలి తగలట్లా... ఆఁ. ఇప్పుడున్నది కాదు, పాతది. తెల్లదొరలు కట్టించారంట, మా తాత పుట్టకముందే. గుండ్రంగా, సున్నం కొట్టి ఉండేది. లోపల మెట్లు సుళ్లు తిరిగి పైకి పోతయ్. కొసన మనిషంత ఎత్తు అద్దాల దీపం. మన బందరు పడవలన్నీ దాన్ని నమ్ముకునే సముద్రంలోకి పోయేయి. వచ్చేటప్పుడు దీపం ఎడమ భుజానికి పెట్టుకుంటే ఏరు సముద్రంలో కలిసే మొగ దొరుకుద్దని మీ తాత అనేవాడు. ఎడమ కాదు, కుడి... కుడే.

అంతలో యుద్ధమొచ్చింది. జపానోళ్లు విశాపట్నంలో బాంబులేశారని తెలిసి బందర్లో ఉన్నోళ్లు మూటలు కట్టుకుని కంకిపాడని, బెజవాడని పోయారు. మనం యాడికి పోతాం, మన బువ్వ ఇక్కడుండె. అప్పుడే పైనుంచి ఆర్డరొచ్చింది, దీపం వెలిగించగూడదని. దీపం చూసుకునే ఆయన్ని మేం మాస్టారనేవాళ్లం. మంగళగిరి మనిషి, మగ్గం నేసేవాళ్ల ఇంటి పిల్లోడు. వాళ్ల ఊరి నుంచే నల్లగుడ్డ తెప్పించి అద్దాలకి చుట్టేశాడు.

నాకప్పటికి పెళ్లయి ఏడాది తిరగలా. ఎండాకాలం. ఓ రోజు పొద్దస్తమానం ఉక్కపోసి, సందేళకి పడమటి గాలి లేచింది. పడమటి గాలంటే తెలుసుగా, పడవల్ని ఒడ్డుకి రానీదు, లోపలికి తోసేస్తది. మీ తాత పడవ, మా అన్న సింహాద్రి పడవ, మా జాలర్ల పాలెంలో పడవలన్నీ నీళ్లమీదే ఉన్నాయి. మబ్బు కమ్మి చీకటి పడింది, ఒడ్డు వాళ్ల కంటికి ఆనదు. నాకు కాలు నిలవలా. ఇంట్లోకి పోతా, ఒడ్డుకొస్తా, మళ్లీ పోతా. పొయ్యి మీద ఏం పెట్టానో కూడా తెలవదు.

మా అత్త ఊరుకునే మనిషి కాదు. ఆడోళ్లందర్నీ వెంటబెట్టుకుని మాస్టారి దగ్గరికి పోయింది.

"బాబూ, కాసేపు వెలిగించు. మా మగోళ్లు వచ్చేస్తారు" అంది.

ఆయన తల దించుకున్నాడు. "నన్ను జైల్లో పెడతారమ్మా. అదొక్కటే కాదు, ఆ వెలుగు శత్రువుల ఓడలకి కూడా కనపడుద్ది. ఊరి మీద బాంబు పడితే నేనేం చెప్పను?"

ఆయన్ననడానికేముంది. పిల్లలు గలవాడు.

"వెలుగొద్దన్నారు. చప్పుడొద్దన్నారా?" అంది మా అత్త.

 ఆయన మొలకున్న తాళంచెవి తీసి లైట్‌హౌసు తలుపు తెరిచాడు.

ఎవరి చేతికందింది వాళ్లం తెచ్చుకున్నాం. కంచాలు, తప్పేళాలు. నేనో కిరసనాయిలు డబ్బా తెచ్చా. యుద్ధంలో కిరసనాయిలే దొరికేది కాదు, ఖాళీ డబ్బా అది. గోడ తడుముకుంటా ఎక్కాం. పైన చుట్టూ ఇనప కమ్మీల వసారా. గాలి వీపున కొడతంటే సముద్రం వైపు తిరిగి వాయించాం. గాలి అటే గదా, మోతనీ అటే మోసుకుపోయింది. మాస్టారు కూడా ఇత్తడి బిందె తెచ్చి గరిటెతో కొట్టాడు.

ఎప్పటికో కింద నుంచి కేకలు. ఓ పడవొచ్చింది. వెనకే ఇంకోటి. వచ్చినోళ్ల పెళ్లాలు దిగిపోతున్నారు. మీ తాత మెట్లెక్కి వచ్చాడు, ఒళ్లంతా తడి. "ఆ మోత పట్టుకునే వచ్చాం. ఇంక దిగు" అన్నాడు.

"మా అన్న?" అన్నా.

నా చేతిలో డబ్బా తీసుకోబోయాడు.

నేను దిగలా. మాస్టారు మీ తాతని ఆపాడు. "కొట్టనియ్యి బాబూ" అన్నాడు. తెల్లారేదాకా కొట్టా. గాలి పడిపోయింది, నీళ్లు తేటపడ్డయ్, ఎక్కడా తెరచాప లేదు. తర్వాత కూడా ఏం రాలా. చెక్క ముక్క రాలా.

యుద్ధం అయిపోయాక నల్లగుడ్డ విప్పి దీపం వెలిగించారు. పాలెమంతా ఒడ్డుకొచ్చింది. మా అమ్మా వచ్చింది. నీళ్లమీద పడ్డ ఆ వెలుగు చూసి, "ఇప్పుడు వాడికి దారి కనపడుద్ది" అంది. ఇంటికి రమ్మంటే రాలా, ఇసకలో కూర్చుంది. నేనూ పక్కన కూర్చుందామని చూశా గానీ నా వల్ల కాలా...

ఏందో. లే తల్లీ, పొద్దుపోయింది. ఎంత దూరం పోయినా నీ వాళ్లు మాపటికి నీ గడప తొక్కాలి, నువ్వు వాళ్లకి వేడన్నం పెట్టాలి. అంతకంటే నేనేం కోరను...