నీ వాటా కార్జం

వినబడుతోందా? ఇంకో పంది గొంతు కోస్తున్నారు. నీకేనయ్యా! నువ్వేమో మోకాళ్ళు ముడుచుకుని, ఒంటినిండా నేత దుప్పట్లు చుట్టించుకుని, రాజాలా కూర్చున్నావు.

నీ పక్కన కూచుని గొణుగుతుంటే మొగుడి కోసం ఏడుస్తున్నాననుకుంటున్నారు అందరూ. అనుకోనీ. బతికుండగా నా మాట పూర్తిగా ఎప్పుడైనా విన్నావా? ఇప్పుడు లేచి పోలేవుగా, విను.

ఆ పందులకి కుడితి కాచిందెవరు? నేను. కర్రపెండలం ముందు వాటికే, చిలగడదుంప ముందు వాటికే. "ఈ సుంబా దీవిలో ఎవరింట చావొచ్చినా పందితో వెళ్ళకపోతే మన పరువేం కాను?" అనేవాడివి. అడుగున మిగిలింది మన పిల్ల విన్నికి. రెండేళ్ళొచ్చినా ఇంకా గోడ పట్టుకునే నిలబడుతోంది. జుట్టు మొక్కజొన్న పీచులా ఎర్రబడింది.

పోయిన నెల పిల్లల తూకం రోజున నర్సు కార్డు నీ మొహం ముందే పెట్టింది కదా! "గీత ఎర్రరంగులోకి దిగిపోయింది. గుడ్డో మాంసమో పెట్టండి, లేకపోతే పిల్ల దక్కదు" అంది. నువ్వేమన్నావు? "మా వంశంలో అందరం సన్నమే!" సిగ్గు లేదూ?

చివరికి జ్వరమొచ్చి నువ్వే ముందు పోయావు. ఇప్పుడు ఏడు పందులు! ఊళ్ళోవాళ్ళకి పచ్చిమాంసం వాటాలు కట్టి పంపుతున్నారు. చావింటివాళ్ళం కాబట్టి మనం ముట్టకూడదట. పూజారి తాత ప్రతి పంది కార్జమూ తీసి, దానిమీద గీతలు చూసి, "పోయిన పెద్దలు సంతోషంగా ఉన్నారు" అంటాడు. ఉండరూ మరి? నా పిల్ల పక్కటెముకలు చూసి చెప్పమను, చెప్తాడేమో!

ఆ కార్జం ఉడకబెట్టి, అన్నం మీద వేసి నీ ముందు పెడుతున్నారు. మూడు రోజులుగా కంచం ఖాళీ అవుతోంది. మీ అమ్మ గుండెలు బాదుకుంటోంది. "నా కొడుకు లెందె తింటున్నాడే! ఇంకో ముద్ద వెయ్యండే!"

నువ్వు తిన్నావా? చెప్పు!

నేను కప్పుకున్న గుడ్డ కింద విన్ని ఉంది. నమిలి మెత్తగా చేసి దాని నోట్లో పెడుతున్నాను. మొదటిరోజు కక్కేసింది. నిన్న ఇముడ్చుకుంది. ఈ పొద్దున "ఇంకా" అంది. దానికి ఆ మాట వచ్చని తల్లిని, నాకే తెలీదు.

రేపు సమాధి రాయి మూసేస్తామన్నాడు మీ తమ్ముడు మలో. మూస్తే కంచం ఆగిపోతుంది. అందుకే... సరే, చెప్పేస్తున్నా. "కల్లోకొచ్చాడు, ఇంకా ఆకలి తీరలేదన్నాడు" అని అబద్ధమాడాను. మలో నీ వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "అలాగే వదినా, ఇంకో వారం ఉంచుదాం" అన్నాడు.

పాపమైతే వచ్చి పట్టుకోమను మీ పెద్దల్ని. నువ్వు మాత్రం కంపుకొట్టినా సరే, ఈ వారం కదలడానికి వీల్లేదు. బతికుండగా పెట్టలేదు, ఇప్పుడు పెట్టు.

ష్... మీ అమ్మ వస్తోంది, కంచం పట్టుకుని.