నురుగు ఊదినందుకు

హలో… ఆ, నేనే బావా, మహిపాల్‌ని. పదకొండు ఇరవైకి బార్ ఓనర్ నన్ను డ్రాఫ్ట్ బీరు నల్లా కాడ్నుంచి పక్కకు పెట్టిండు.

…ఓ, నీకు అప్పుడే చెప్పిండా? మంచిగుంది. హన్మకొండ నుంచి పాలకుర్తికి బస్సుల గంటన్నర పడ్తది. నా ముచ్చట అయిదు నిమిషాలల్ల చేరింది.

…తాగలే. చేరి మూడు రోజులాయె, చుక్క ముట్టలే. …కొట్లాడలే. ఊదిన.

…నురుగు, బావా. గ్లాసు మీది నురుగు. ఉఫ్ అని.

…నవ్వు, నవ్వు. పద్దెనిమిదేండ్లు కల్లుకు తాడెక్కిన. లొట్టి వంచే ముందు నురుగు ఊదకపోతే నువ్వే తిట్టేటోనివి, ‘ఈగలతోని పోస్తానవా కల్లు’ అని. గదే ఇక్కడ ఊదితే, బీరు అడిగిన టై కట్టుకున్న సారు లేచి నిలబడ్డడు. పోలీసులకు ఫోన్ చేస్తడేమో అనుకున్న.

…చెప్పకేం? నల్లా చూసే అజహర్ భాయ్ అన్నీ నేర్పిండు. గ్లాసు వంచి పట్టాలె, సగం నిండినంక నిలబెట్టాలె, పైన రెండు వేళ్ల మందం నురుగు ఉంచాలె. అన్నీ చేసిన. చేసి, ఊదిన.

…ఓనర్ ఓంప్రకాశ్ సారా? మీ ఊరోడే గదా. మీ నాయిన లొట్టి కాడ తాటాకు పట్టి, నురుగు ఊదుకుంట తాగినోడే. ఇప్పుడు టైల్స్ మీద నడుస్తాండు, మరిచిపోయిండు.

…ఇప్పుడా? గ్లాసులు కడుగుతాన. ప్రమోషన్. …సాయంత్రం ఇంటికి పంపిస్త అన్నడా? నీకన్నా చెప్పిండు. నాకు గదీ చెప్పలే.

…తెలుసు బావా. నీ మాట మీద పెట్టుకున్నడు. మోకాలి సంగతి గూడ తెలుసు, అది నా కాలే. డాక్టర్ తాడెక్కొద్దన్నడు. నాటెయ్యనీకి వంగరాదు. ఇది పోతే యాడికి పోవాలె?

…జర ఆగు, ఒకటి విను. మూడు రోజులల్ల గా ఒక్క గ్లాసుకే నురుగు నిలిచింది. దాన్నే నేను ఊదిన. …అవ్, నా నసీబు. అది కొత్త డబ్బాలకెళ్లి అప్పుడే తీసిన గ్లాసు. మిగతావాటిల పోస్తే నురుగు రెండు నిమిషాలు గూడ ఉంటలేదు. మిషన్‌ల తప్పని మెకానిక్‌ను రెండుసార్లు పిలిచిండ్రు. ఆయన రెండుసార్లూ చాయ్ తాగి పోయిండు.

…తప్పెక్కడుందా? నా ముంగటున్న టబ్బుల. చికెన్ పకోడి ప్లేట్లు, బీరు గ్లాసులు ఒకటే నీళ్లల్ల ముంచుతాండ్రు. ఒకటే బట్టతోని తుడుస్తాండ్రు. నూనె తగిలితే నురుగు నిలుస్తదా?

…లొట్టి కడిగినట్టే కడిగిన. ఉప్పేసి రుద్ది, మంచినీళ్లల్ల జాడిచ్చి, బోర్లిచ్చిన. బట్ట ముట్టియ్యలే. పన్నెండు గ్లాసులైనయ్.

…ఉండు. అజహర్ భాయ్ ఒకటి తీస్కపోయిండు… పోస్తాండు…

…నిలిచింది. …రెండు వేళ్లు. …లేదు, తగ్గుత లేదు.

ఓనర్ చేతికిచ్చిండు. …గ్లాసు దిక్కు చూస్తాండు. …నా దిక్కు చూస్తాండు.

ఆ, సార్… కడిగింది నేనే సార్… నల్లా కాడికా? ఇప్పుడేనా? …సాయంత్రం పోవాలె గద సార్, మా బావకు చెప్పిండ్రట… సరే సార్. వస్తాన.

…విన్నవా బావా? …అవ్, నల్లా కాడికే. పెడ్తాన ఇగ—

…ఆగు, ఆగు. ఓనర్ గ్లాసు మూతి కాడ పెట్టుకున్నడు.

…ఊదిండు.