రెండణాల కానుక

అంతమంది ముందర, ఆరాధన ముగిసి చర్చి మెట్లన్నా దిగకముందే, మట్టిలో కలిసిన మనిషిని పట్టుకొని ఎగవేతగాడంటాడా! ఏమయ్యా, అనొచ్చునా?

ఉండు, నీ సమాధి మీద ఈ పల్లేరు పీకి కూర్చుంటా.

ఎవరంటావా? షావుకారు మనిషి, ఆ వసూళ్ల ఓబులయ్యే. "ఏం కరుణమ్మా! నీ మొగుడు శాంతయ్య వారం కూలి పడేలోపు గింజలకని ఎనిమిది రూపాయలు తీసుకొని నాలుగేండ్లాయె. ఒక్క అణా చెల్లు పడలా. నువ్వు కడతావా, లేదా?" అని అరిచినాడు.

నేనూరుకుంటానా? నా గొంతు నీకు తెలియంది కాదు. "పలకల గనిలో ఆయన చిందించిన నెత్తురు మీ షావుకారు వడ్డీకి చాల్లేదా?" అన్నా. జనమంతా నా పక్కకే తిరిగిరి.

బడి చెప్పే ఎజ్రా పంతులు ఓబులయ్య చేతిలోని అప్పు నోటు తీసుకొని తేదీ చూసినాడు. "అక్కా, మూడేండ్లు దాటింది. కోర్టులో చెల్లదు. దమ్మిడీ కట్టే పన్లేదు. దీని వెనక కడతానని రాయించి వేలిముద్ర మాత్రం వేయబాక, వేస్తే అప్పు మళ్లా బతుకుతుంది" అన్నాడు.

ఓబులయ్య మొహం చూడాల్సింది! అయినా పోలేదయ్యా. మెల్లగా అన్నాడు: "సరే, దుడ్లొద్దు. శాంతయ్య గనిలో నా ముందర ఏడ్చినాడు, 'వారం వారం నా ఇంటిది నీకు ఇచ్చింది గదా' అని. అబద్ధాలకోరని వాణ్ణి కూలోళ్ల ముందర నిలబెట్టినా. ఇచ్చినావా? ఆ ఒక్క మాట చెప్పు."

ఏడ్చినావా? నాకు చెప్పనే లేదే!

ఇచ్చినానని నోరు రాలా. ఇయ్యలేదనీ రాలా. కొంగులోని నాలుగణాలు వాని చేతిలో పెట్టి, మిగతాది కడతానని నోటు వెనక వానితోనే రాయించి వేలు నొక్కినా. "అక్కా, అక్కా" అంటానే ఉండాడు పంతులు.

చర్చి పాస్టరు అయ్యగారు కండ్లనీళ్లు పెట్టుకొని, "చట్టం విడిచినా మాట విడవని తల్లి" అన్నాడు. అందరూ "ఆమెన్" అన్నారు.

ఇప్పుడు విను. ఓబులయ్యకని ప్రతి శనివారం నువ్విచ్చిన రెండణాలు వానికి చేరలేదయ్యా. ఆదివారం కానుక పళ్లెంలో వేసినా. భక్తి అనుకునేవు, నేరం దేవుని మీదికి ఎందుకు తొయ్యాల? కానుకిచ్చినోళ్ల పేర్లు అయ్యగారు గట్టిగా చదువుతాడే, అందులో నా పేరు వినపడాలని. అంతే.

అందరి ముందరా చెప్దామనే నోరు తెరిచినా. ఆ ఆమెన్ అడ్డమొచ్చింది.

అప్పంటావా, పలకలు మోసన్నా కడతా. గనిలో మాత్రం నువ్వింకా అబద్ధాలకోరువే.

ఇంకోటి, దాచను. ఆ ఆమెన్ నాకు బాగుండింది.